రెండు చుట్లు ఎక్కువ

మా ఇంట్లో ఏదీ పూర్తిగా తెరుచుకోదు. కిటికీ రెక్క సగం దాకా వచ్చి ఆగిపోతుంది, కింద చెక్కముక్క ఉంది కాబట్టి. బీరువా సొరుగు లాగితే కొంత వచ్చి మొరాయిస్తుంది, వెనక మేకు ఉంది కాబట్టి. స్నానాల గదిలో కుళాయి ఎంత తిప్పినా చిటికెన వేలంత ధారే. ఇదంతా మా ఆయన చేతి చలవ. మా పిల్లకి అడుగులు పడే రోజుల్లో తలుపు సందులో వేలు పడి నలిగింది. అది ఏడ్చి ఊరుకుంది. నేను చల్లటి నీళ్లలో ముంచి, ఊది, ఊరుకున్నాను. ఆయన మాత్రం ఊరుకోలేదు. సుత్తీ మేకులూ పట్టుకుని ఇల్లంతా తిరిగి, కదిలే ప్రతి వస్తువుకీ ఒక అడ్డు పెట్టాడు. ఆ పిల్ల ఇప్పుడు నాకంటే జానెడు పొడుగు. అడ్డులు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఆయన పని రాళ్ల క్వారీలో డంపర్లకి స్టీరింగు సరిచేయడం. కొండ తవ్విన రాళ్లు మోసే బండ్లవి. ఒక్కో చక్రం మనిషికంటే ఎత్తు. అంత చక్రాన్ని చేతి బలంతో తిప్పడం ఎవరబ్బ తరమూ కాదు. లోపల నూనె ఒత్తిడి తిప్పుతుంది. డ్రైవరు చెయ్యి చెబుతుంది, నూనె చేస్తుంది. ఆ చెప్పడానికీ ఈ చెయ్యడానికీ తేడా రాకుండా చూడటమే మా ఆయన ఉద్యోగం. రిపేరు షెడ్డులో అందరూ ఆయన్ని స్టీరింగు మేస్త్రీ అంటారు. ఆ షెడ్డు గేటు పక్కనే నా టీ కొట్టు. అందుకని పెళ్లయిన నాటి నుంచీ ఆయన్ని ఇంట్లోనూ భరిస్తున్నాను, పనిలోనూ భరిస్తున్నాను.

పనిలో ఆయన్ని చూస్తే ముచ్చటేస్తుంది, అబద్ధమెందుకు చెప్పాలి. బండి వస్తే ముందు నూనె వేడెక్కేదాకా నడిపిస్తాడు. చల్లటి నూనె అబద్ధాలు చెబుతుందట. తర్వాత గొట్టానికి మీటరు బిగించి ఒత్తిడి చూస్తాడు. ఎక్కడైనా గాలి చేరితే తీసేస్తాడు. చక్రాలని ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పించి, పక్కన గొంతుకూర్చుని కళ్లు మూసుకుని వింటాడు. చక్రం ఎంతవరకు తిరగాలో అక్కడ ఆపడానికి ఇరుసు దగ్గర అటొకటీ ఇటొకటీ స్టాపర్ బోల్టులుంటాయి. బోల్టు బయటికి వస్తే చక్రం తక్కువ తిరుగుతుంది. లోపలికి పోతే మరీ తిరిగి గొట్టాలకి రాసుకుంటుంది. అదీ సంగతి. టీ అమ్ముకునేదానికి ఇవన్నీ ఎందుకంటారా? ఒకే పాట రోజూ వింటే గోడకైనా వచ్చేస్తుంది.

అన్నిటికంటే ఆఖరిది గుండ్రం పరీక్ష. నా కొట్టు ఎదుట ఖాళీ జాగాలో సిమెంటు నింపిన పాత టైరొకటి ఉంది. ఆయన వెళ్లి దాని పక్కన నిలబడతాడు. డ్రైవరు స్టీరింగు చివరిదాకా తిప్పి, బండిని ఆయన చుట్టూ నెమ్మదిగా తిప్పుతాడు. అప్పుడు ఆయన, మామూలుగా నోట్లోంచి మాట ఊడిపడని మనిషి, కొండ అదిరేలా అరుస్తాడు: “వదిలెయ్!”

డ్రైవరు రెండు చేతులూ స్టీరింగు మీద నుంచి తీసి పైకెత్తి చూపించాలి. చేతులు తీసినా బండి అదే గుండ్రంలో తిరగాలి, లోపలికీ బయటికీ జరక్కూడదు. వదిలేస్తే ఎక్కడుందో అక్కడే ఉండాలి, అదే మంచి స్టీరింగంటాడు. ఇన్నేళ్లుగా తిరిగి తిరిగి ఆ టైరు చుట్టూ నేలలో గాడి పడిపోయింది. వానాకాలం అందులో నీళ్లు నిలిస్తే పిచ్చుకలు వచ్చి స్నానం చేస్తాయి.

పగలంతా ‘వదిలెయ్ వదిలెయ్’ అని అరిచే మనిషి ఇంటికొచ్చి సొరుగుకి మేకు కొడతాడు. ఇంకేం చెప్పమంటారు ఆయన సంగతి!

మా పిల్ల కొన్నాళ్లుగా అదే క్వారీలో నీళ్ల ట్యాంకరు నడుపుతోంది. దుమ్ము లేవకుండా దారిమీద నీళ్లు చల్లే బండి అది. ఆ పని తక్కువదని కాదు గానీ, దాని చూపంతా డంపరు మీదే. శిక్షణలో మొదటిసారి డంపరు ఎక్కిన రోజు పరుగెత్తుకుంటూ వచ్చింది.

“అమ్మా, పైనుంచి చూస్తే మన కొట్టు అగ్గిపెట్టెలా ఉందే! నువ్వు అందులో పుల్లలా ఉన్నావు!”

“పుల్లనా? రా, ఒకటి అంటిస్తాను,” అన్నాను గరిటె ఎత్తి. నవ్వి నవ్వి దానికి పొలమారింది. ఆ వెలుగు దాని మొహంలో అంతకుముందు నేను చూడలేదు.

శిక్షణ అయిపోయింది. మిగిలింది పరీక్ష. నిండా రాయి నింపిన డంపరుని క్వారీ అడుగు నుంచి పైకి ఎక్కించాలి. దారిలో ఒకచోట బాట వెనక్కి వంగి తిరుగుతుంది. డ్రైవర్లు దాన్ని కొక్కెం అంటారు. కొక్కెం దగ్గర ఒక్క ఊపులో తిరిగిపోవాలి. ఆగి, రివర్సు చేసి, మళ్లీ తిప్పితే పరీక్ష పోయినట్టే, ఎందుకంటే వెనక ఇంకో లోడు బండి వస్తూంటుంది. రెండు అవకాశాలిస్తారు. రెండూ పోతే మళ్లీ ట్యాంకరే, డంపరు మాట ఇక ఎత్తనివ్వరు. పరీక్ష పెట్టేది సూపర్వైజరు. ఆయన్ని అందరూ అలారం అంటారు, టైము కాకముందే మోగుతాడని. ఎదుటపడితే ‘సార్’ అంటారనుకోండి.

పరీక్షకి ఇచ్చిన ఏడో నెంబరు బండి సర్వీసు కోసం మా ఆయన చేతికే వచ్చింది. మామూలుగా అది ఒక్క పూట పని. ఆయన మర్నాడు కూడా షెడ్డులోనే ఉంచాడు. అలారం వచ్చి రెండుసార్లు మోగి వెళ్లాడు. ఈయన ఉలకడు, పలకడు. మొత్తానికి బండి బయటికొచ్చింది. గుండ్రం పరీక్షకి పాత డ్రైవరొకాయన, మేమంతా తాత అని పిలిచే పెద్దాయన, ఎక్కి తిప్పాడు. నేను గ్లాసులు కడుగుతూ చూశాను. బండి రోజూ తిరిగే గాడిలో పడలేదు. దానికి మూరెడు ఎడంగా, బయటి పక్కన కొత్త జాడ వేసుకుంటూ తిరిగింది. పాపం తాతకి చూపు ఆనడం లేదు కాబోలనుకుని నా గ్లాసులు నేను కడుక్కున్నాను. నా మొహం! తప్పు తాత కళ్లదనుకున్నాను.

పరీక్ష రోజు మా పిల్ల నా కొట్టు ముందు నుంచి వెళ్తూ పైనుంచి చెయ్యి ఊపింది. నేను పొయ్యి తగ్గించి చెవులు రిక్కించాను. డంపరు రివర్సు గేరు వేస్తే పీప్ పీప్ అని అరుస్తుంది, కొక్కెం దగ్గర అరిచినా నా కొట్టుకి వినపడుతుంది. ఇంజన్ రొద పైకి ఎక్కుతూ వెళ్లింది. ఎక్కింది, ఎక్కింది, ఆగింది.

పీప్. పీప్. పీప్.

పరీక్ష పోయింది.

ఆ సాయంత్రం అది అన్నం ముందు కూర్చుంది గానీ మెతుకు ముట్టలేదు. “పూర్తిగా తిప్పానమ్మా, ఒట్టు. చివరిదాకా తిప్పాననే అనుకున్నా. కానీ బండి తిరగలేదు. అంటే నేను తిప్పలేదనే కదా? నా చేతులే చేతగానివి,” అంది.

“ఇంకో అవకాశం ఉందిగా,” అన్నాను.

“చేతులు ఇవేగా!” అని లేచిపోయింది.

కాసేపటికి గదిలోకి తొంగి చూస్తే, మంచం మీద కూర్చుని అన్నం గిన్నె మూత రెండు చేతులతో పట్టుకుని, స్టీరింగులా తిప్పుతోంది. కుడికి తిప్పి, ఆగి, తల అడ్డంగా ఊపి, మళ్లీ మొదటి నుంచి. నా వెనకే మా ఆయన వచ్చి నిలబడ్డాడు. చూశాడు. ఒక్క మాట లేకుండా వెళ్లి వీధి గుమ్మంలో కూర్చున్నాడు. బిడ్డ ఓడిపోతే ఒక్క మంచి మాట అనలేని తండ్రి ఏం తండ్రి అని నాకు ఒళ్లు మండింది.

పొద్దున్నే కొట్టు తెరిచి ముందర నీళ్లు చల్లుతున్నాను. నీళ్లు పారి పాత గాడిలోకి దిగాయి. ఇంకొన్ని పారి, దానికి ఎడంగా ఉన్న కొత్త జాడలో నిలిచాయి. ఒక గుండ్రం, దాని చుట్టూ ఇంకో పెద్ద గుండ్రం. బకెట్టు పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. తాత కళ్లు బాగానే ఉన్నాయి. మా పిల్ల చేతులూ బాగానే ఉన్నాయి.

చెంగు బిగించి షెడ్డులోకి నడిచాను. ఆయన ఏడో నెంబరు బండి ముందు చక్రం పక్కన గొంతుకూర్చుని ఉన్నాడు. చేతిలో స్పానరు ఉంది, చెయ్యి మాత్రం ఆడటం లేదు.

“ఏమయ్యా,” అన్నాను. “స్టాపర్ బోల్టు ఎంత తిప్పావు?”

ఆయన తల ఎత్తలేదు. “రెండు చుట్లు ఎక్కువ,” అన్నాడు.

నేను కేకలేద్దామనే వెళ్లాను. సరంజామా అంతా నోట్లో సిద్ధంగా ఉంది. ఆ గొంతు విన్నాక సగం మింగేశాను. “ఎందుకయ్యా?”

“లోడుతో పూర్తిగా తిప్పితే బరువంతా ఒక పక్కకి పడుతుందే. ఒకసారి పక్కకి ఒరిగిన బండిని చూశా. స్టీరింగు తప్పేమో చూడమని నన్నే పిలిచారు. స్టీరింగు బాగానే ఉంది. అద్దాలన్నీ పగిలి కింద పడి ఉన్నాయి. బండి కొంచెం తక్కువ తిరిగితే పిల్ల మెల్లగా పోతుందనుకున్నా. ఇక్కడ చెయ్యి పెట్టేసరికి దాని మొహమే కళ్లలో ఆడింది. రెండు చుట్లే. కొక్కెం గురించి ఆలోచనే రాలేదు.”

“కొక్కెం తిరగదని మేస్త్రీకి తెలియలేదా?”

“మేస్త్రీకి తెలుసు. ఆ పని చేసింది మేస్త్రీ కాదు.”

ఆయన గొంతు తగ్గించి అన్నాడు: “ఇప్పుడు విప్పేస్తా. రేపు పరీక్షలో అది ఈజీగా తిరిగిపోతుంది. ఎవరికీ తెలియనక్కర్లేదు.”

“ఎవరికీ తెలియదు, నిజమే. అది మాత్రం తన చేతులు చెడ్డవని బతికినన్నాళ్లూ అనుకుంటుంది. రేపు పాసైనా అదృష్టం కలిసొచ్చిందనుకుంటుంది. కొక్కెం వచ్చిన ప్రతిసారీ దాని గుండె దడదడలాడుతుంది. అప్పుడు నిజంగానే ప్రమాదం కాదూ? వేలు నలిగితే మానింది. ఇది మానదయ్యా.”

ఆయన స్పానరు కింద పెట్టి, చేతులు తుడుచుకుని లేచాడు. “దాన్ని పిలువు. సార్ గదికి రమ్మను,” అన్నాడు.

అలారం గదిలో మేం నలుగురం. నన్నెవరూ పిలవలేదు, టీ నెపం పెట్టుకుని వెళ్లాను. మా ఆయన చెప్పడం మొదలుపెట్టి నాలుగు ముక్కల్లో ముగించాడు. “సార్, ఏడో నెంబరు బండికి స్టాపర్లు రెండు చుట్లు బయటికి పెట్టాను. కావాలనే పెట్టాను. అందుకే కొక్కెం తిరగలేదు. పిల్ల తప్పు లేదు.”

అలారం మోగాడు. గోడలు కూడా విన్నాయి. “ఇన్నేళ్లలో నువ్వు విడిచిన బండిని ఒక్కసారి కూడా మళ్లీ చెక్ చేయించలేదయ్యా! నీ సంతకమే చాలనుకున్నా! వెనక లోడు బండి వచ్చి ఉంటే?” అని అరిచి, అరిచి, చివరికి కుర్చీలో కూలబడ్డాడు. టీ గ్లాసు చేతికిచ్చాను. ఒక గుక్క తాగి మెల్లగా అన్నాడు:

“నిన్నటి పరీక్ష లెక్కలోకి రాదు, ఇవాళే మళ్లీ పెడతా. బండి ఇప్పుడే సరిచెయ్. నేనే కొలిచి చూస్తా. కానీ మేస్త్రీ, ఒక్క మాట. ఈ ఒక్కసారే. ఇకమీదట నీ కూతురు నడిపే బండి నువ్వు ముట్టుకోకూడదు. వేరే మెకానిక్ చూస్తాడు.”

మా ఆయన మొహం పాలిపోయింది. తన కూతురు ఎక్కే బండికి ఇంకొకడి చెయ్యి! అయినా తల ఊపాడు. “సరే సార్.”

మా పిల్ల గది బయటికి వచ్చాక తండ్రికి అడ్డంగా నిలబడింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“నా చేతుల మీద నీకు నమ్మకం లేదా నాన్నా?”

“నీ చేతుల మీద ఉంది తల్లీ. నా గుండె మీదే లేదు.”

అది మొహం పక్కకి తిప్పుకుంది. తిట్టాలని ఉంది దానికి, నా కూతురు కదా, నాకు తెలుసు. తిట్టలేదు. “పద. నేనూ కిందికి వస్తా. ఏం చేశావో నాకు చూపించు,” అంది.

ఇద్దరూ చక్రం పక్కన చేరారు. ఆయన బోల్టుని కదలకుండా పట్టి ఉంచే లాకునట్టు వదులు చేసి స్పానరు దాని చేతికిచ్చాడు. “లోపలికి. రెండు చుట్లు.” అది తిప్పింది. ఒకటి. రెండు. రెండో పక్కకి వెళ్లి అలాగే తిప్పింది.

“ఇంతేనా?”

“ఇంతే.”

“ఇంత చిన్నదానికి నా చేతుల్ని ఎన్ని తిట్లు తిట్టుకున్నానో తెలుసా నీకు?”

ఆయన జేబులోంచి గుడ్డ తీసి, దాని చెయ్యి పట్టుకుని గ్రీజు తుడవడం మొదలుపెట్టాడు. ఒక్కో వేలే తుడుస్తూ, నలిగిన వేలి దగ్గర ఆగాడు. ఆ గోరు ఇప్పటికీ కొంచెం వంకరే. బొటనవేలితో దాన్ని నిమిరాడు. అప్పుడు ఏడ్చాడు, దాచుకోకుండా, షెడ్డులో పదిమంది చూస్తుండగా. “మానిపోయింది నాన్నా. ఎప్పుడో మానిపోయింది,” అని అది గుడ్డ లాక్కుని ఆయన మొహం తుడిచింది. ఆ గుడ్డకి ఉన్న గ్రీజంతా ఆయన చెంపకి అంటింది. ఏడుస్తున్నదాన్ని నేను ఫక్కున నవ్వేశాను.

అలారం కొలబద్ద పెట్టి రెండు పక్కలా కొలిచాడు. సరేనన్నాడు. ఇక గుండ్రం పరీక్ష.

ఈసారి తాత ఎక్కలేదు. మా పిల్లే ఎక్కింది. మా ఆయన వెళ్లి సిమెంటు టైరు పక్కన నిలబడ్డాడు, చెంపకి గ్రీజుతోనే. బండి కదిలింది. స్టీరింగు చివరిదాకా తిరిగింది. ఇల్లంత బండి ఆయన చుట్టూ తిరగడం మొదలుపెట్టింది, పాత గాడిలో, పొద్దున నిలిచిన నీళ్లని చిమ్ముకుంటూ. ఒక చుట్టు అయింది. రెండో చుట్టు సగమైంది. అందరం ఆ అరుపు కోసం చూస్తున్నాం. ఆయన నోరు తెరిచాడు. గొంతు లేవలేదు. మళ్లీ తెరిచాడు. పైన అద్దంలోంచి అది తండ్రినే చూస్తోంది, చేతులు స్టీరింగు మీదే బిగుసుకుని ఉన్నాయి. ఈయన చెప్పడు, అది తియ్యదు. తండ్రీ కూతుళ్లు ఇలాగే తెల్లారేదాకా తిరిగేలా ఉన్నారు!

నా వల్ల కాలేదు. టీ గరిటె పట్టుకునే కొట్టు బయటికొచ్చి, కొండ అదిరేలా అరిచాను.

“వదిలెయ్!”

ఎవరితో అన్నానో నాకే తెలియదు. ఇద్దరూ విన్నారు. పైన రెండు చేతులు గాల్లోకి లేచాయి, వేళ్లన్నీ విప్పుకుని. బండి గాడి తప్పలేదు. అంగుళం కూడా జరగలేదు. మా ఆయన తన చుట్టూ తిరుగుతున్న ఆ చేతుల్ని చూస్తూ, తనూ అక్కడే గుండ్రంగా తిరిగాడు.

అక్కడి నుంచి అటే పిల్ల లోడింగుకి వెళ్లింది. అలారం పక్క సీట్లో ఎక్కాడు. మా ఆయన వచ్చి నా కొట్టు బల్ల మీద కూర్చున్నాడు. టీ ఇచ్చాను. తాగలేదు. నేను పొయ్యి ఆర్పేశాను, చప్పుడు వద్దని. పొయ్యిది ఏం చప్పుడు లెండి, నా గుండె చప్పుడే దానికంటే ఎక్కువ.

బరువు నిండిన బండి రొద కింద నుంచి మొదలైంది. ఎక్కుతోంది. ఎక్కుతోంది. కొక్కెం దగ్గరికి వచ్చిందని రొద మారడంతో తెలిసింది. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరం పీప్ కోసం విన్నాం. రొద కొంచెం తగ్గింది, వంగింది, మళ్లీ అందుకుంది. కొండ పై అంచున పసుపు బండి కనపడింది. పీప్ రాలేదు.

ఆయన చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసి, గ్లాసు వంక చూస్తూ అన్నాడు: “ఏమే, మన కిటికీ కింద చెక్క కూడా తీసేద్దామా?”

“సొరుగు మేకు పీకెయ్. కుళాయి బాగుచెయ్, బకెట్టు నిండేసరికి ప్రాణం పోతోంది,” అన్నాను. “ఆ చెక్క జోలికి మాత్రం రాకు. నీ భయానికీ ఒక చోటు కావాలిగా, అదొక్కటీ ఉండనీ.”